కొత్త పికప్‌కి ఏ ఆయిల్ పొయ్యాలి: ఇంజిన్‌కి ఒక లెక్క, డిఫరెన్షియల్‌కి ఇంకో లెక్క

మదనపల్లెలో టమాటా ఎత్తుకుని రాత్రికి రాత్రే బయల్దేరే బొలెరో పికప్ అయినా, భీమవరం చెరువుల గట్ల మీద రొయ్యల ట్రేలు మోసే బండి అయినా, ఆయిల్ మార్చే రోజు షెడ్డులో వినపడే మాటలు మాత్రం ఒకటే. "అన్నా, ఏ ఆయిల్ పొయ్యమంటావు?" "ఫిఫ్టీన్ ఫార్టీ పోసెయ్, లోడ్ బండి కదా." పాత బండ్లకి ఈ జవాబు, అంటే 15డబ్ల్యూ-40 ఆయిల్, చాలావరకు సరిపోయింది, తప్పు పట్టడానికి లేదు. కానీ 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్న బీఎస్-6 (భారత్ స్టేజ్ 6 పొగ నిబంధనల) డీజిల్ పికప్‌లకి ఇది సగం జవాబే, ఆ మిగిలిన సగం తెలియకపోతే ఖర్చు ఇంజిన్‌లో కాదు, సైలెన్సర్ గొట్టంలో తేలుతుంది.

ఎలాగంటే, బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగ గొట్టం దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. ఇంజిన్ నుంచి వచ్చే మసిని అది పట్టి ఉంచుకుంటుంది, నిండే సమయానికి బండి తనంతట తానే లోపల వేడిని 600 డిగ్రీల దాకా పెంచి ఆ మసిని కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది, బాగానే ఉంది. బూడిద కాలదు. ఆ బూడిద ఎక్కడిదంటే ఇంజిన్ ఆయిల్‌లోదే. ఆయిల్‌లో మురికిని కడగడానికి, అరుగుదల ఆపడానికి కాల్షియం, మెగ్నీషియం, జింక్ లాంటి లోహాలున్న మందులు కలుపుతారు. పిస్టన్ రింగుల పక్కనుంచి ప్రతి ఇంజిన్‌లోనూ కాస్త ఆయిల్ పైకెక్కి కాలుతూనే ఉంటుంది, ఆ లోహాలు బూడిదై వెళ్లి డీపీఎఫ్‌లో కూర్చుంటాయి, ఇక ఎంత హైవే మీద తోలినా అవి కదలవు. అందుకే ఈ బండ్లకి బూడిద తక్కువ పుట్టించే ఆయిల్ విడిగా తయారు చేస్తున్నారు. షాపులో దీన్నే లో సాప్స్ ఆయిల్ అంటారు. డీపీఎఫ్ మార్చడానికి సర్వీస్ సెంటర్‌లో ఎంతవుతుందో ఒకసారి అడిగి చూడండి, డబ్బాకి మూడొందలు మిగుల్చుకోవాలన్న ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

కాబట్టి మొదట చూడాల్సింది కంపెనీ పేరూ కాదు, చిక్కదనమూ కాదు. బండితో పాటు ఇచ్చిన పుస్తకం చూడాలి. డ్యాష్‌బోర్డు అరలో ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కింద ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా పడి ఉంటుంది చూడండి, అదే. చివరి పేజీల్లో ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని చక్రాలకి పంచే గేర్ల పెట్టె), బ్రేక్, కూలెంట్ అని వరసగా ఏది ఎన్ని లీటర్లో ఒక పట్టిక ఉంటుంది. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. ఆయిల్ కొనేటప్పుడు ఆ ఫోటో ఉంటే చాలు, మిగతాదంతా షాపువాడి మాటే. పుస్తకం పోతే బండి కంపెనీ వెబ్‌సైట్లో మీ మోడల్, సంవత్సరం చూసుకుని దించుకోండి, లేదంటే ఛాసిస్ నంబర్ చెప్పి సర్వీస్ సెంటర్‌లో అడగండి. పక్కింటివాళ్ల బండి పుస్తకం పనికిరాదు, అదే మోడల్ అయినా బీఎస్-4 బండికీ బీఎస్-6 బండికీ ఆయిల్ వేరే ఉండొచ్చు.

ఆ పట్టికలో ఇంజిన్ ఆయిల్ ఎదురుగా రెండు సంగతులు రాసి ఉంటాయి. ఒకటి చిక్కదనం, అంటే 15డబ్ల్యూ-40 అనో 5డబ్ల్యూ-30 అనో. రెండోది గ్రేడు కోడ్, అంటే ఏపీఐ సీకే-4 అనో, ఏసీఈఏ సీ3 అనో, ఈ6 అనో, లేదా బండి కంపెనీ సొంత నంబరో. జనం మొదటిదే చూస్తారు. బీఎస్-6 బండికి రెండోదే ముఖ్యం.

ఏపీఐ అన్నది అమెరికా పెట్రోలియం సంస్థ పెట్టిన లెక్క. ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోల్ ఇంజిన్‌కి, సీతో మొదలైతే డీజిల్‌కి. మన షాపుల్లో లోడ్ బండ్లకి ఇప్పటికీ ఎక్కువగా కనపడేవి సీహెచ్-4, సీఐ-4, సీఐ-4 ప్లస్. ఇవి మంచి ఆయిళ్లే, కానీ వీటికి బూడిద మీద సీజే-4, సీకే-4లకు ఉన్నట్టు హద్దు లేదు. 2006లో వచ్చిన సీజే-4తో ఆ హద్దు మొదలైంది, బూడిద 1 శాతం దాటకూడదు. 2016 చివర్లో వచ్చిన సీకే-4కి కూడా అంతే, పైగా వేడికి త్వరగా పాడవకుండా ఇంకాస్త గట్టిగా చేశారు. పుస్తకంలో సీకే-4 అని ఉంటే సీఐ-4 ప్లస్ డబ్బా మీద ఎంత పెద్దగా టర్బో అని రాసి ఉన్నా పక్కన పెట్టేయండి. ఎఫ్ఏ-4 అని ఇంకొకటుంది, కొత్త కోడే కదా ఇంకా మంచిదేమో అనుకుని కొనకండి, అది పలచటి ఆయిల్, దాని కోసమే చేసిన ఇంజిన్లకి తప్ప పొయ్యకూడదు.

ఏసీఈఏ యూరప్ కార్ల కంపెనీల లెక్క. చిన్న డీజిల్ ఇంజిన్లకి ఇందులో సీ వరస వర్తిస్తుంది. సీ2, సీ3లలో బూడిద 0.8 శాతం లోపే. ఇక్కడ ఒక చిక్కుంది. సీ2 కూడా 5డబ్ల్యూ-30లో వస్తుంది, సీ3 కూడా 5డబ్ల్యూ-30లోనే వస్తుంది, షెల్ఫ్ మీద పక్కపక్కనే ఉంటాయి, ధర కూడా దగ్గరదగ్గరగానే. తేడా ఎక్కడంటే 150 డిగ్రీల వేడిలో బేరింగుల మధ్య నలుగుతున్నప్పుడు ఎంత చిక్కగా నిలబడుతుందన్న దగ్గర. సీ3కి ఆ కొలత కనీసం 3.5 ఉండాలి, సీ2కి 2.9 ఉన్నా చాలు. శ్రీశైలం ఘాట్ ఎక్కే లోడ్ బండికి ఇది చిన్న తేడా కాదు. పుస్తకం సీ3 అంటే సీ3యే పొయ్యండి, సీ2 అంటే సీ2యే. రెండూ ఒప్పుకుంటే లోడ్ బండికి నేనైతే సీ3 తీసుకుంటాను.

ఖరీదైనది పోస్తే మంచిదే కదా అనే ఆలోచన కూడా ఇక్కడ బోల్తా కొడుతుంది. ఏ3/బీ4 అని రాసి ఉన్న ఫుల్ సింథటిక్ డబ్బా ధరలో పైనే ఉంటుంది, చూడ్డానికి బంగారం రంగులో మెరుస్తుంది, కానీ అందులో బూడిద పుట్టించే మందులు ఎక్కువ. డీపీఎఫ్ లేని ఇంజిన్‌కి అది రాజా, ఉన్న ఇంజిన్‌కి కాదు. సింథటిక్ అన్న మాటకీ బూడిద తక్కువ అన్న మాటకీ సంబంధం లేదు.

ఇప్పుడు చిక్కదనం. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది, వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 15డబ్ల్యూ ఆయిల్‌తో ఇంజిన్ తిరుగుతుందా లేదా అన్న పరీక్ష మైనస్ 20 డిగ్రీల దగ్గర చేస్తారు. మన లంబసింగిలో చలికి గడ్డి మీద మంచు పేరుకుంటే ఫోటోలకి ఎగబడతాం, అక్కడ కూడా 15డబ్ల్యూ హాయిగా తిరుగుతుంది. మరి కంపెనీవాళ్లు 5డబ్ల్యూ ఎందుకు రాస్తున్నారంటే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ టర్బో దాకా తొందరగా చేరుతుంది, మైలేజీ కాస్త కలిసొస్తుంది, పొగ లెక్కలు సరిపోతాయి. రెంటచింతల ఎండల్లో 30 చాలదు, 40 పొయ్యాలి అనే మాట కూడా వింటుంటాం. బయట 46 డిగ్రీలున్నా ఇంజిన్ లోపల ఆయిల్ వేడిని కూలెంటు, ఆయిల్ కూలరు అదుపులో ఉంచుతాయి, వాటిని చూసే కంపెనీ ఆ అంకె రాసింది. రేడియేటర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటే మాత్రం ఏ అంకె పోసినా లాభం లేదు. పుస్తకంలో రెండు అంకెలకీ అనుమతి ఉంటే, ఎప్పుడూ నిండు లోడ్‌తో ఘాట్ రోడ్లెక్కే బండికి చిక్కనిది, ఊళ్లో సరుకులేసే బండికి పలచనిది ఎంచుకోవచ్చు. ఒకటే రాసి ఉంటే అదొక్కటే.

ఇంకో సంగతి, కొత్త బండ్లలో ఇది చాలామందికి తెలియదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గకపోగా పెరిగి కనపడుతుంది. మన బండి చుక్క ఆయిల్ తాగట్లేదని సంబరపడతారు, కానీ అది డీజిల్. డీపీఎఫ్‌లో మసి కాల్చడానికి బండి సిలిండర్లోకి కాస్త ఎక్కువ డీజిల్ కొడుతుంది, అందులో కొంత గోడల వెంట కారి కింద ఆయిల్‌లో కలుస్తుంది. కాల్చే పని మధ్యలో ఉండగానే ఇంజిన్ ఆపేస్తూ ఉంటే, అంటే బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి కాలనీలకి కూరగాయలేసే బండ్లలాగా ఐదు నిమిషాలు తోలి పది నిమిషాలు ఆపుతుంటే, ఇలా కలుస్తూనే ఉంటుంది, ఆయిల్ పలచబడుతుంది, బేరింగులకి దెబ్బ. పై గీత దాటిందా, వేలికి రాసుకుంటే డీజిల్ వాసన వస్తోందా, అయితే గడువు కోసం చూడకుండా మార్చేయండి. డీపీఎఫ్ లైటు వెలిగినప్పుడు బండిని ఆపకుండా, పుస్తకంలో చెప్పిన వేగంతో లైటు ఆరేదాకా హైవే మీద తోలితే సగం బాధ తప్పుతుంది. నల్లబడటం గురించి మాత్రం టెన్షన్ వద్దు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లగా అవుతుంది, మసిని పట్టుకుని తిరగడమే దాని పని. అలాగే సీఎన్‌జీ పికప్‌లో ఆయిల్ ఎన్నాళ్లయినా తేటగా కనపడుతుంది, అలాగని గడువు దాటించకూడదు.

దారిలో తగ్గిపోయి సరైన ఆయిల్ దొరక్కపోతే? దొరికిన మంచి డీజిల్ ఆయిల్ అర లీటరు పోసి ఇంటికి చేరండి. ఏపీఐ గ్రేడు ఉన్న ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలిసేలాగే చేస్తారు, అర లీటరుతో డీపీఎఫ్ పాడైపోదు, ఆయిల్ లేకుండా తోలితే మాత్రం ఇంజిన్ పోతుంది.

మార్చేటప్పుడు ఇంజిన్ కాస్త వేడిగా ఉండగా, చదునైన నేల మీద పెట్టి దించండి. ఫిల్టర్ తప్పనిసరిగా మార్చండి, దించే బోల్టుకి వాషర్ కొత్తది వెయ్యండి. పుస్తకంలో రాసిన దానికంటే అర లీటరు తక్కువ పోసి, స్టార్ట్ చేసి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పొయ్యండి. గీత పైకి పోనివ్వకండి. చాలా కొత్త బండ్లలో ఆయిల్ మార్చామని స్కానర్‌తోనో మీటర్లోనో రీసెట్ చెయ్యాలి, చెయ్యకపోతే బండి ఇంకా పాత ఆయిల్ లెక్కే నడిపి లైటు వెలిగిస్తుంది. బయట షెడ్డులో చేయించేటప్పుడు స్కానర్ ఉందో లేదో ముందే అడగండి.

ఇక డిఫరెన్షియల్ దగ్గరికి వద్దాం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఇంజిన్ ఆయిల్‌లో ఏది ఉండకూడదో చూశాం, డిఫరెన్షియల్ ఆయిల్‌లో ఏది ఉండాలో చూడాలి.

వెనక హౌసింగ్‌లో, అంటే డిఫరెన్షియల్ గేర్లుండే ఇనుప పెట్టెలో, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు, పినియన్ అనే చిన్న గేరు పళ్లు మామూలు గేర్లలాగా ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతూ కూడా రాసుకుంటాయి. పినియన్ కాస్త కిందకి జరిపి పెట్టడం వల్ల వచ్చే రాపిడి అది, దీన్నే హైపాయిడ్ అంటారు. లోడ్ మీద ఆ పళ్ల మధ్య ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోతుంది. పొర తెగినా ఇనుము ఇనుముకి అతుక్కోకుండా గంధకం, భాస్వరం ఉన్న మందులు కలుపుతారు, అవి వేడికి పళ్ల మీద రసాయన పొరలాగా ఏర్పడతాయి. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే కొట్టే ఘాటు వాసన ఆ గంధకానిదే. ఆ మందులు హైపాయిడ్ పళ్లకి చాలినంత ఉన్న ఆయిల్‌కి జీఎల్-5 అని పేరు, సుమారు సగమే ఉంటే జీఎల్-4. పికప్ వెనక డిఫరెన్షియల్‌కి సాధారణంగా జీఎల్-5 రాస్తారు. అందులో జీఎల్-4 పోస్తే మొదట్లో ఏమీ తెలియదు, తర్వాత కూత మొదలవుతుంది.

దీన్నే తిప్పి గేర్‌బాక్స్‌కి పొయ్యడం మన షెడ్లలో మామూలైపోయింది. ఒకటే డబ్బా తెచ్చి రెండింట్లో పోసేస్తారు. గేర్‌బాక్స్‌లో గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులు చాలా బండ్లకి ఇత్తడివి, జీఎల్-5లో ఉన్న ఎక్కువ గంధకం వాటిని మెల్లగా తినగలదు, గేరు పడేటప్పుడు కూడా జారుడు ఎక్కువై కరకరమంటుంది. గేర్‌బాక్స్‌కి జీఎల్-4 రాసి ఉంటే జీఎల్-4 విడిగా కొనండి. కొన్ని బండ్లకి గేర్‌బాక్స్‌లో ఇంజిన్ ఆయిలే రాస్తారు, అదీ నమ్మండి, పుస్తకం తప్పు కాదు.

చిక్కదనానికొస్తే డిఫరెన్షియల్‌కి 80డబ్ల్యూ-90, 85డబ్ల్యూ-140, కొత్త బండ్లలో 75డబ్ల్యూ-90 సింథటిక్ కనపడతాయి. 90 అనగానే ఇంజిన్ ఆయిల్ 40కి రెట్టింపు చిక్కన అనుకోవద్దు, రెండూ వేర్వేరు కొలబద్దలు. 90 గేర్ ఆయిల్ వేడిలో దాదాపు 40, 50 ఇంజిన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది. 140 మాత్రం నిజంగా చిక్కన. "ఓవర్‌లోడ్ బండి, 140 పోస్తేనే క్రౌన్ నిలబడుతుంది" అని చాలామంది మెకానిక్‌లు చెబుతారు, పాత బండ్ల మీద వాళ్లకున్న అనుభవం అది. ఎండ ఎక్కువున్న చోట, బరువు ఎక్కువున్నప్పుడు 140కి కొన్ని పుస్తకాలే అనుమతిస్తాయి, అలాంటప్పుడు పొయ్యండి. 75డబ్ల్యూ-90 అని ఒక్కటే రాసిన కొత్త హౌసింగ్‌లో 140 పోస్తే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ పినియన్ బేరింగ్ దాకా ఎగరడానికి బద్ధకిస్తుంది, మైలేజీ తగ్గుతుంది, ఆయిల్‌ని చిలకడంలోనే వేడి పుడుతుంది. 1.7 టన్నుల బండి మీద రెండున్నర టన్నులేసి దాన్ని ఆయిల్‌తో సరిచెయ్యాలనుకోవడం ఎటూ కుదరదు, అక్కడ నలిగేది పళ్లే కాదు, బేరింగులూ యాక్సిలూ కూడా.

ఒక పక్కమాట. సెకండ్ హ్యాండ్‌లో పికప్ కొంటుంటే హౌసింగ్ ఆయిల్ తప్పకుండా చూడండి. కూత పెడుతున్న క్రౌన్‌ని అమ్మేరోజుకి నోరు మూయించడానికి చిక్కటి ఆయిల్ పోసి పెట్టే అలవాటు కొందరికుంది. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దం, గంటసేపు తోలాక కూత వస్తే అనుమానించాల్సిందే.

ఆయిల్ మార్చేటప్పుడు మొదట పైన పోసే బోల్టు విప్పండి, అది ఊడి వచ్చిందని తేలాకే కింద దించే బోల్టు మీద చెయ్యి వెయ్యండి. తుప్పు పట్టి పైబోల్టు రాకపోతే, ఆయిల్ దించేసిన బండి అక్కడే నిలబడిపోతుంది. దించే బోల్టుకి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు సన్నటి పేస్టులా ఉండటం మామూలే. ముక్కలు, పొరలు కనపడితే ఆయిల్ మార్చి మూసెయ్యకుండా హౌసింగ్ విప్పించి చూపించాలి. కొత్త ఆయిల్ పైరంధ్రం అంచు దాకా పొయ్యాలి, పొంగి కాస్త కారితే అదే కొలత. లాక్ అయ్యే రకం లేదా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే పుస్తకంలో విడిగా రాసి ఉంటుంది, కొన్నిటికి అదనంగా ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని సరిచేసే మందు) కలిపిన ఆయిలే వాడాలి, లేకపోతే మలుపుల్లో వెనక చక్రాలు గరగరమంటాయి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటి ఫోర్ బై ఫోర్ అయితే ముందు డిఫరెన్షియల్, బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా ఉంటాయి, వాటి ఆయిల్ మార్చడం షెడ్డులో మర్చిపోతే మీరే గుర్తు చెయ్యాలి.

చెరువుల దగ్గర, వాగులు దాటే చోట తిరిగే బండ్లకి ఇంకో జాగ్రత్త. వేడిగా ఉన్న హౌసింగ్ ఒక్కసారిగా నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా, సీళ్ల అంచుల గుండా నీటిని పీల్చేస్తుంది. ఆయిల్ పాలుకలిపిన కాఫీ రంగులోకి మారిందంటే నీళ్లు చేరినట్టే, కిలోమీటర్లు చూడకుండా మార్చాలి. హౌసింగ్ పైన ఉండే ఆ చిన్న బ్రీదర్ బురదతో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి వీల్ సీళ్ల దగ్గర ఆయిల్ కారుతుంది, అది వెళ్లి వెనక బ్రేక్ లైనర్లకి అంటుకుంటుంది. సీలు మార్చినా మళ్లీ కారుతోందంటే ముందు బ్రీదర్ ఊది చూడండి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి అంటే, కొన్ని కొత్త పికప్‌లకి ఇంజిన్ ఆయిల్ 20,000 దాకా నడుస్తుందని చెబుతున్నారు. పుస్తకంలోనే కఠినమైన వాడకం అని ఇంకో లెక్క ఉంటుంది, దుమ్ము, ఓవర్‌లోడ్, ఎక్కువసేపు ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టడం, చిన్న చిన్న ట్రిప్పులు అన్నీ అందులోకే వస్తాయి. క్వారీ కంకర, మిర్చి టిక్కీలు, ఇసుక మోసే బండ్లు దాదాపు అన్నీ ఆ లెక్కలోవే, కాబట్టి ఆ గడువే మీ గడువు. డిఫరెన్షియల్ ఆయిల్ మొదటిసారి తొందరగా మార్చమని రాసి ఉంటే వాయిదా వెయ్యకండి, కొత్త పళ్లు ఒకదానికొకటి అమరేటప్పుడు రాలిన ఇనుప పొడి అంతా అందులోనే ఉంటుంది.

కొనేటప్పుడు బ్రాండ్ గురించి పెద్దగా కొట్టుకోవాల్సిన పని లేదు. సర్వో, మాక్, హెచ్‌పీ, క్యాస్ట్రాల్, షెల్, మహీంద్రా వాళ్ల మాక్సిమైల్, ఏదైనా సరే డబ్బా వెనక మీ కోడ్ ఉండాలి. "సీకే-4కి తగినది" అని అమ్మేవాడు నోటితో చెప్పడం కాదు, అచ్చులో ఉండాలి. దొంగ ఆయిల్ భయం ఉంటే పెట్రోల్ బంకులోనో కంపెనీ డీలర్ దగ్గరో కొనండి, సీలు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చూడండి, స్కాన్ చేసే కోడ్ ఉంటే అక్కడే స్కాన్ చెయ్యండి. డ్రమ్ములోంచి లూజుగా పోసే ఆయిల్ కొత్త బండికి వద్దు. ఇంజిన్‌లో కలిపే మైలేజీ సీసాలు, అరుగుదల ఆపే సీసాలు కూడా వద్దు, వాటిలో ఏ లోహాలున్నాయో డీపీఎఫ్‌కే తెలుస్తుంది.

పని అయ్యాక ఖాళీ డబ్బాలు షెడ్డులో వదిలెయ్యకండి, వాటిలోనే నకిలీ ఆయిల్ నింపి మళ్లీ అమ్ముతారు. కత్తితో కోసి పారెయ్యండి. వారంటీ ఉన్నంతకాలం బయట మార్పించినా ఆయిల్, ఫిల్టర్ బిల్లుల మీద బండి నంబరు, కిలోమీటర్లు రాయించుకుని పుస్తకంలో పెట్టండి, డబ్బా మీద కోడ్ కనపడేలా ఒక ఫోటో కూడా తీసి ఉంచండి. రేపు టర్బోనో డీపీఎఫో పోయి క్లెయిమ్ పెడితే అవతలివాళ్లు మొదట అడిగేది ఏ ఆయిల్ పోశారనే.